కుర్చీ మీది గుట్ట మంచం మీదికి, మంచం మీది గుట్ట కుర్చీ మీదికి

ఉత్తరం రాసిన అమ్మాయి తన పేరు, కాలేజీ వేయొద్దని కోరారు కాబట్టి ఉత్తరంలోని సంగతులు మాత్రం క్లుప్తంగా. ఆమెకు 19 ఏళ్లు. ఊరు శ్రీకాకుళం జిల్లా. గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం. ఇంటికి వెళ్లేది దసరాకి, సంక్రాంతికి, సెమ్ సెలవులకే. హాస్టల్ గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. అందులో ముగ్గురు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న ఇనప మంచాలు మూడు, టేబుళ్లు మూడు, కుర్చీలు మూడు. గోడలో నాలుగు అరల అల్మారా ఒకటి. అందులో చేతికందే రెండు అరలూ మూడో సంవత్సరం చదివే సీనియర్ అక్కవి. అన్నిటికన్నా పైది ఈమెది, కిందది ఇంకో అమ్మాయిది.

"పొద్దున్నే కుర్చీ మీది బట్టల గుట్ట మంచం మీదికి, రాత్రి మంచం మీది గుట్ట కుర్చీ మీదికి. ఏడాదిన్నరగా ఇదే. చదువుకుందామంటే కుర్చీ ఖాళీ ఉండదు, పడుకుందామంటే మంచం ఖాళీ ఉండదు" అని రాశారు. గోడకి అంటించిన హుక్కులు నాలుగో రోజుకి రంగుతో సహా ఊడొచ్చాయి. వార్డెన్ అయిదొందలు జరిమానా వేశారు. ఆన్‌లైన్లో కొన్న గొట్టాల గుడ్డ అల్మారా నెలకే ఒక పక్కకి ఒరిగి, పక్కమ్మాయి టేబుల్ మీద పడింది. వానాకాలంలో గదిలో ఆరేసిన బట్టలు వాసనొచ్చి, సూట్‌కేసుకి బూజు పట్టింది. అమ్మ పంపిన ఆవకాయ జాడీ చుట్టూ చీమలు. ఇవన్నీ చెప్పి, మూడు ప్రశ్నలడిగారు: గది మార్చమని అడగాలా? స్నేహితురాలితో బయట పీజీకి (పేయింగ్ గెస్ట్ గదికి) వెళ్లిపోవాలా? లేక పదిహేను వందల్లో ఈ గదినే చక్కబెట్టుకునే దారి ఉందా? "సీనియర్ అక్కని అర అడగాలంటే నోరు రావట్లేదు" అని చివర్లో ఒక మాట.

మీ ఉత్తరం రెండుసార్లు చదివితే అందులో మూడు సమస్యలు ఒకదానికొకటి చిక్కుపడి కనిపిస్తున్నాయి. సామాను ఎక్కువ కావడం ఒకటి, ఉన్న చోటు వాడకపోవడం రెండోది, అక్కతో మాట్లాడలేకపోవడం మూడోది. మూడోదాన్ని ముందు పెట్టుకోవడం వల్ల మొదటి రెండూ కదలట్లేదు. అక్క అర ఇవ్వకపోయినా మీ గుట్ట తగ్గుతుంది. అదెలాగో ముందు చూద్దాం.

కాసేపు లెక్క వేయండి. గది 120 చదరపు అడుగులు. మూడు మంచాలకి 45, మూడు టేబుళ్లు మూడడుగులు ఇంటూ అడుగున్నర అనుకుంటే పదమూడున్నర. అంటే సగం నేల పోయింది. తలుపు తెరుచుకునే చోటు, కుర్చీలు తీసేస్తే మిగిలింది మీరు ముగ్గురూ నడిచే నేల. అక్కడ ఏం పెట్టినా కాళ్లకి తగులుతుంది. గుడ్డ అల్మారా పెట్టింది అక్కడే. ఇప్పుడు మంచం కింద చూడండి. అక్కడ 14 అంగుళాల ఎత్తు ఉందనుకుంటే, ఒక్క మంచం కిందే పదిహేడున్నర ఘనపుటడుగుల చోటుంది. మీ అల్మారా అర మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, 15 అంగుళాల ఎత్తు అనుకుంటే ఆరు ఘనపుటడుగులు కూడా రాదు. మీరు అడగలేక నలిగిపోతున్న అరకి మూడింతల చోటు రోజూ మీ వీపు కిందే ఉంది. అక్కడ ప్రస్తుతం ఏముందో మీరు రాయలేదు. చెప్పులు, ఒక సూట్‌కేసు, బోలెడు దుమ్ము ఉంటాయని ఊహిస్తున్నాను.

ఇక గుట్ట సంగతి. ఆ గుట్టలో ఏమున్నాయో ఒక రాత్రి విడదీసి చూడండి. ఉతికినవి కొన్నే ఉంటాయి, మురికివీ కొన్నే. ఎక్కువ భాగం ఒక పూట వేసుకుని విప్పినవి: మళ్లీ వేసుకోవచ్చు, కానీ మడతపెట్టి ఉతికినవాటి పక్కన పెట్టబుద్ధి కాదు. జీన్స్, నైట్ డ్రెస్, ల్యాబ్ ఏప్రాన్, చున్నీ, తడి టవల్. ఇవి అల్మారాకీ పోవు, బకెట్‌కీ పోవు. కుర్చీకి పోతాయి. హాస్టల్ గదుల్లో ఈ రకం బట్టలకి ఎవరూ చోటు కేటాయించరు. మీకింకో రెండు అరలు దొరికినా ఈ గుట్ట అలాగే ఉంటుంది.

దానికి మంచం తలవైపు ఇనప చట్రం చాలు. ఎస్ ఆకారం స్టీలు కొక్కేలు ఇనప సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. చట్రం గొట్టం లావు దారంతో కొలుచుకుని వెళ్లండి. కొక్కెం నోరు గొట్టం కన్నా మరీ పెద్దదైతే బట్ట తీసినప్పుడల్లా ఊడి కింద పడుతుంది, రెండు రోజులకి విసుగొచ్చి మానేస్తారు. కొక్కేలు మూడే కొనండి. ఒక్కోదానికి ఒక్క బట్ట. నాలుగోది వచ్చిందంటే, ఉన్నవాటిలో ఒకటి ఉతికే బకెట్లోకి పోవాల్సిందే. ఆరు కొన్నారంటే గుట్ట కుర్చీ దిగి మంచం తలకి వేలాడుతుంది, అంతే తేడా. తడి టవల్ మాత్రం ఇక్కడొద్దు, దిండు చెమ్మగిలుతుంది.

తలుపు వెనక తగిలించే స్టీలు పట్టీ కూడా వాడొచ్చు. తలుపు పై అంచుకి తగిలించేది కాబట్టి గోడకి మేకు అక్కర్లేదు, వార్డెన్‌కి అభ్యంతరమూ ఉండదు. అయితే కొనేముందు తలుపు మందం కొలవండి. ఫ్లష్ డోర్లు (నున్నటి పలక తలుపులు) మామూలుగా 30, 35 మిల్లీమీటర్లు ఉంటాయి. తలుపుకీ పై ఫ్రేముకీ మధ్య సందు కూడా చూడండి. రెండు పాత ఏటీఎం కార్డులు కలిపి పట్టుకున్న మందం అక్కడ దూరితే పట్టీ పడుతుంది. చెక్క తలుపు వానల్లో ఉబ్బుతుంది. వేసవిలో పట్టిన పట్టీ జులైలో తలుపు మూసుకోనివ్వదు. పైగా ఆ తలుపు ముగ్గురిదీ కాబట్టి, మనిషికి ఒకటో రెండో హుక్కులని ముందే మాట్లాడుకోవాలి.

మీ అంటించే హుక్కులు ఎందుకు ఊడాయో కూడా చెప్పాలి, లేకపోతే ఇంకో కంపెనీవి కొంటారు. జిగురు తప్పేం లేదు. హాస్టల్ గోడలకి వేసేది సున్నమో, డిస్టెంపరో. ఆ పొర గోడకి పట్టుకున్న పట్టే అంతంతమాత్రం. జిగురు రంగుని గట్టిగా పట్టుకుంది, రంగు గోడని వదిలేసింది. అవే హుక్కులు టేబుల్ పక్క సన్‌మైకా మీదో, ఇనప బీరువా మీదో, టైల్ మీదో నిలుస్తాయి. ముందు శానిటైజర్‌తో తుడిచి, ఆరాక అంటించి, ఒక రోజంతా ఏమీ తగిలించకుండా వదిలేయండి. తాళాలు, ఐడీ కార్డు, ఇయర్‌ఫోన్లు తగిలించుకోండి. ల్యాప్‌టాప్‌తో కలిపి అయిదారు కిలోలుండే కాలేజీ బ్యాగు దేనికీ తగిలించొద్దు, దాని చోటు టేబుల్ కింద నేల మీద.

మంచం కింద సర్దడంలో మొదట చేసే తప్పు, అంచు దగ్గర ఎత్తు కొలిచి డబ్బాలు కొనేయడం. ఇనప మంచానికి మధ్యలో అడ్డంగా ఒక పట్టె ఉంటుంది, అది రెండంగుళాలు కిందికి ఉంటుంది. ప్లైవుడ్ పలక మనిషి బరువుకి కాస్త కుంగుతుంది కూడా. మీరు మంచం మీద కూర్చుని, పక్కమ్మాయిని మధ్య పట్టె కింద కొలవమనండి. వచ్చినదాంట్లో ఒక అంగుళం తీసేసి, అంతకన్నా పొట్టి డబ్బాలే కొనండి.

మంచం వెడల్పు 30 అంగుళాలు కాబట్టి కింద చోటుని రెండు వరసలుగా చూడండి. గోడవైపు వరసలో సెమిస్టర్‌కి ఒకసారి తీసేవి, ఇవతలి వరసలో వారానికి ఒకసారి తీసేవి. గోడవైపుకి మీ సూట్‌కేసు పడుకోబెట్టండి, ఖాళీగా కాదు. స్వెటర్, రెండో దుప్పటి, పండగ బట్టలు, సెమ్ అయిపోయిన పుస్తకాలు అందులోకి పోవాలి. చేతిపిడి మీవైపు ఉండాలి. లోపలి డబ్బాకి మూరెడు నైలాన్ తాడు కట్టి కొస బయటికి వదలండి. దుప్పటి ఉతకాల్సిన రోజున ఇవతలివన్నీ తీసి పాకుతూ లోపలికి దూరక్కర్లేకుండా, తాడు పట్టి లాగితే వస్తుంది. గోడకి రెండు మూడంగుళాల ఎడం ఉంచండి. మీ సూట్‌కేసుకి బూజు పట్టింది చెమ్మ గోడకి ఆనుకోవడం వల్లే అయ్యుంటుంది.

డబ్బాలు మూత ఉన్న ప్లాస్టిక్‌వే తీసుకోండి. కిరాణా కొట్టు అట్టపెట్టెలు ఊరికే వస్తాయని తేవద్దు. అట్ట మడతల్లో, అలల సందుల్లో నల్లులు చేరతాయి. ఇనప మంచం అతుకుల దగ్గరా వాటికి ఇల్లే. మంచం కింద ఏమైనా పెట్టేముందు ఆ అతుకులు, పరుపు కుట్ల వెంట ఫోన్ టార్చ్ వేసి చూడండి. నల్లటి చుక్కలు, పొట్టు కనిపిస్తే సర్దుడు ఆపి ముందు వార్డెన్‌కి చెప్పండి. నల్లులున్న గదిలో మంచం కింద నింపితే అవి మీ సూట్‌కేసులో కూర్చుని శ్రీకాకుళం దాకా వస్తాయి.

చోటు ఇంకా చాలదనిపిస్తే మంచం ఎత్తొచ్చు. ఇటుకలు పేర్చడం చాలామంది చేసేదే. ఒకదాని మీద ఒకటి రెండు ఇటుకలు పెడితే, రాత్రి ఒత్తిగిలినప్పుడల్లా సన్న గొట్టం కాలు జరిగి జరిగి ఒక రోజు కిందికి దిగుతుంది. సామిల్లులో నాలుగంగుళాల చదరపు చెక్క దిమ్మలు నాలుగు కోయించి, పైన మంచం కాలు దిగేలా అంగుళం లోతు గుంట తొలిపించుకుంటే కదలదు. గుంటలో అంగుళం పోతుంది కాబట్టి అయిదంగుళాల ఎత్తు దిమ్మ తీసుకుంటే నాలుగంగుళాలు ఎత్తు పెరుగుతుంది. అంతకు మించొద్దు, కూర్చుంటే కాళ్లు నేలకి అందవు, మంచం ఊగుతుంది. వార్డెన్‌ని అడిగి మరీ చేయండి. ఒకసారి జరిమానా కట్టినవారు మీరు.

బట్టలు ఎన్ని ఉండాలన్నది మీ ఇష్టం, కానీ వారానికోసారి ఉతుక్కుంటే ఎనిమిది టాపులు, అయిదు ప్యాంట్లూ లెగ్గింగులూ, రెండు మూడు జతల నైట్ డ్రెస్‌లు, ఫంక్షన్‌కి ఒకటి. మిగతావి దసరాకి ఇంటికి. అన్నిటికన్నా పై అర మీదంటున్నారు, దాని ఇబ్బంది నాకర్థమవుతోంది: కింది టాపు లాగితే పైవన్నీ ముఖం మీద పడతాయి. అక్కడ ఒకదాని మీద ఒకటి పేర్చకండి. అర లోతుకి సరిపడే మూతలేని ప్లాస్టిక్ ట్రేలు మూడు పక్కపక్కన పెట్టి, టాపులు తొమ్మిది అంగుళాల వెడల్పుకి మడిచి, పుస్తకాల్లా నిలబెట్టండి. ఒక్కో టాపు మందం అంగుళం దాటదు, ఒక ట్రేలో పన్నెండు పదమూడు నిలబడతాయి. స్టూలెక్కి వెతకనక్కర్లేదు, ట్రే కిందికి దించుకుంటే అన్ని అంచులూ కనిపిస్తాయి. చున్నీలన్నీ ఒకే హ్యాంగర్‌కి ముడేయండి.

మొదటి సంవత్సరం డ్రాఫ్టర్ (డ్రాయింగ్ గీసే పరికరం), షీట్ల గొట్టం ఇంకా మీ దగ్గరే ఉన్నాయని రాశారు. మీ బ్రాంచిలో మళ్లీ డ్రాయింగ్ లేకపోతే ఈ వారమే జూనియర్‌కి సగం ధరకి ఇచ్చేయండి. పదిహేను వందల బడ్జెట్‌కి అదో ఆసరా. ల్యాబ్ రికార్డులు మాత్రం ఆ సెమ్ మార్కులు వచ్చేదాకా పారేయకండి.

వానాకాలం బట్టల వాసన విషయంలో అలసత్వం వద్దు. చేత్తో పిండిన కాటన్ బట్ట దాదాపు తన బరువంత నీళ్లు పట్టుకునే ఉంటుంది. ముగ్గురూ ఆదివారమే ఉతికి, మనిషికి రెండు కిలోల బట్టలు గదిలో ఆరేస్తే, సగం బకెట్ నీళ్లు ఆ గది గాలిలోకి పోవాలి. కిటికీ మూసుంటే అవి గోడలకీ, పరుపులకీ, సూట్‌కేసులకీ పడతాయి. వంతులేసుకోండి: ఒకరు మంగళవారం, ఒకరు గురువారం, ఒకరు ఆదివారం. పిండిన బట్టని పొడి టవల్‌లో చాపలా చుట్టి ఇంకోసారి మెలిపెడితే చాలా నీరు టవల్‌కి పోతుంది. తీగ మీద బట్టకీ బట్టకీ బెత్తెడు ఎడం, కిటికీ తెరిచి, ఫ్యాను తిరగాలి. తీగ మంచాల పైనుంచి వెళ్లకూడదు. నైలాన్ తాడు తడి బరువుకి సాగి కిందికి వేలాడుతుంది, ప్లాస్టిక్ తొడుగున్న ఇనప తీగ కిటికీ ఊచకి కట్టుకోండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు గురించి మీరడగలేదు, అయినా చెప్తాను. మంచం కింద డబ్బాలు చేరాక దాన్నీ అక్కడికే తోసేస్తారు. వద్దు. దుప్పటి కొస పడి చార్జర్లు వేడెక్కుతాయి. టేబుల్ కాలికి కట్టేయండి.

ఆవకాయ కిలో జాడీ హాస్టల్‌కి పెద్దది. నూనె అంచు కారి, ఆ జిడ్డు వెంట చీమలొస్తాయి. పావుకిలో పట్టే బిగుతు మూత స్టీలు డబ్బా పంపమని అమ్మతో చెప్పండి, ఉన్నదాన్ని పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో పెట్టండి. నీళ్ల మీద దుమ్మో నూనో తెట్టు కడితే చీమలు దాని మీంచి నడిచొస్తాయి, రెండ్రోజులకోసారి మార్చాలి. అమ్మ ప్రతిసారీ మరో దుప్పటి, మరో డబ్బా ఎందుకు పంపుతోందంటే ఆవిడకి ఈ గది కనిపించదు కాబట్టి. ఒక వీడియో కాల్‌లో నాలుగు గోడలూ తిప్పి చూపించండి.

ఇప్పుడు అక్క సంగతి. మీకు మూడు దారులున్నాయి. అసలు అడగకుండా పైన చెప్పినవన్నీ చేసుకోవడం ఒకటి. గుట్ట పోతుంది, శాంతిగా ఉంటుంది, కానీ ఆవిడ ఇంకో ఏడాదిన్నర ఇక్కడే ఉంటారు. ప్రతి పొద్దున పై అర అందుకునేటప్పుడు ఆ మంట మీలో రాజుకుంటూనే ఉంటుంది. అర కావాలని నేరుగా అడగడం రెండోది. ఇస్తే సంతోషమే. కాదంటే, లేదా ఇచ్చి ముభావంగా ఉంటే, 120 చదరపు అడుగుల్లో తప్పించుకునే చోటుండదు. మూడోది, మీ మంచం కింద సర్దుకున్నాక అడగడం. "అక్కా, నేను మంచం కింద సర్దుకున్నా, బాగానే పట్టింది. నీదీ సర్దుదామా, నేను సాయం చేస్తా. అప్పుడు ఒక అర నాకు సర్దితే స్టూలెక్కే పని తప్పుతుంది" అంటే, మీరు తీసుకునేది మాత్రమే కాక ఇచ్చేదీ ఉంటుంది. ఆదివారం టిఫిన్ తర్వాత, మూడో అమ్మాయి కూడా గదిలో ఉన్నప్పుడు అడగండి. నేనైతే ఇది ఎంచుకుంటాను. ఆవిడ ససేమిరా అన్నా మీరు ముందున్న చోటికన్నా కిందికి పోరు.

గది మార్పు అడగొచ్చు. కొత్త గదీ ఇంతే ఉంటుంది, మీ సామానూ ఇంతే ఉంటుంది, గుట్ట కూడా మీతోనే వస్తుంది. మనుషులతో పడక మారాలంటే అది వేరే లెక్క, మీ ఉత్తరంలో అలాంటి గొడవేం కనిపించలేదు. పీజీకి వెళ్లేముందు ముగ్గురు షేరింగ్ గది ఒకటి టేపుతో వెళ్లి కొలిచి రండి. చాలాచోట్ల అది మీ గదికన్నా చిన్నది, టేబుల్ కూడా ఉండదు. హాస్టల్ ఫీజు మధ్యలో వెనక్కిస్తారో లేదో ఆఫీసులో రాతపూర్వకంగా కనుక్కోండి. రోజూ బస్సుకి పట్టే సమయం కూడా కలపండి. ఇవన్నీ చూశాక కూడా మీ స్నేహితురాలితో ఉండాలనే వెళ్తానంటే వెళ్లండి, కానీ చోటు కోసమని మాత్రం వెళ్లకండి.

చివరిగా ఆ పడిపోయిన గుడ్డ అల్మారా. పారేయకండి. ఆ సన్న గొట్టాలకి ఏటవాలు ఆసరా ఉండదు, పై అరలో బరువు పెట్టేసరికి ప్లాస్టిక్ జాయింట్లు వదులై ఒరిగింది. అవే గొట్టాలతో రెండు అరల ఎత్తుకే బిగించి, గుడ్డ తీసేయండి. అంత పొట్టిగా ఉంటే నిలుస్తుంది. తలుపు తెరుచుకునే పక్క కాకుండా రెండో పక్క పెడితే ముగ్గురి చెప్పులూ పడతాయి. జాయింట్లలో ఒకటి విరిగిందని రాశారు కదా, నాలుగు అరల్లో రెండు తగ్గిస్తే మీకెలాగూ కొన్ని మిగులుతాయి.